సిద్ధవటం తోటలో బదనిక

మే నెలలో, మామిడి కోతల సమయంలో, మా మేనమామ గారి తోట చూసే నెపంతో కడప నుంచి సిద్ధవటం వెళ్లాను. నన్ను అక్కడికి లాగింది మామిడి కాదు, "పాత చెట్లకు బదనిక పట్టింది, కోయించాల. పూలు మాత్రం గుమ్మంటాయి" అని ఆయన ఫోనులో అన్న మాట. బదనిక అంటే కొమ్మలోకి దిగి చెట్టు రసం తాగి బతికే మొక్క.

బస్సు దిగేసరికి పెన్నలో నీటికన్నా ఇసుకే ఎక్కువగా కనిపించింది. ఒడ్డున ఉన్న కోటను తిరుగు ప్రయాణంలో చూడవచ్చనుకున్నాను గాని, చూడలేదు.

తోటలో ముందు వాసన తగిలింది, ఆ తర్వాతే పువ్వు కనిపించింది. మామ బదనిక అనుకున్నది నిజానికి కొమ్మను పట్టుకుని పెరిగే మా ప్రాంతపు ఆర్కిడ్, వాండా టెస్సెల్లాటా. రేకుల వెలుపల తెలుపు, లోపల ఆకుపచ్చ కలిసిన పసుపు మీద గోధుమరంగు గళ్లు, నడుమ ఊదారంగు పెదవి. టెస్సెల్లాటా అంటే లాటిన్‌లో గళ్లు గళ్లుగా ఉన్నదని అర్థం. పరిమళంలో మల్లె మత్తు గాని మొగలి ఘాటు గాని లేవు. ఎండకు మగ్గిన ద్రాక్షపండు వాసన అది.

"చెట్టు రసం తాగకుంటే ఇంత ఎండలో ఇది ఎట్ల బతుకుతాది అల్లుడా?" అన్నాడు మామ. ప్రశ్న న్యాయమైనదే. జవాబుగా ఒక వేరును గోటితో మెల్లగా పైకి లేపి చూపించాను. దాని కింద బెరడు చెక్కుచెదరకుండా ఉంది. పక్క కొమ్మ మీద, పిట్టలు రాసిన జిగట గింజ నుంచి మొలిచిన అసలు బదనిక మాత్రం కొమ్మలోకి దిగి, అక్కడ ముద్దలాంటి బుడిపె కట్టింది. ఆర్కిడ్ వేరుకు స్పంజి వంటి తెల్లని పొర ఉంటుంది. సీసాలోని నీళ్లు కొన్ని చిలకరించగానే అది పచ్చబడింది. పైగా ఈ మొక్క ఆకుల రంధ్రాలను రాత్రిపూట తెరిచి, పగటి ఎండలో నీటిని కాపాడుకుంటుంది.

మామను తప్పుపట్టలేను. వందా అనే సంస్కృత పదం బదనికకే పేరు. పద్దెనిమిదవ శతాబ్దం చివర కలకత్తాలో ఉన్న సంస్కృత పండితుడు విలియం జోన్స్ ఈ ఆర్కిడ్‌కు ఆ పేరే పెట్టాడు. పండితులకే తప్పని తికమక రైతుకు కలగడంలో వింతేముంది?

నా తప్పు ఇంకా పెద్దది. రెండేళ్ల క్రితం ఒక నర్సరీలో కొన్న వాండాను ఎర్రమట్టి కుండీలో పాతి, రోజూ నీళ్లు పోసి, వేళ్లు కుళ్లబెట్టాను. గాలికి ఆరవలసిన వేరును మట్టిలో కప్పడమంటే ఊపిరి ఆపడమేనని ఆ కొమ్మ దగ్గర నిలబడ్డాక గాని బోధపడలేదు.

ఎదురుగా కనిపించే లంకమల అభయారణ్యంలోని చెట్ల నుంచి ఇటువంటి మొక్కను పెరికి తేవడం నేరం. నేను తెచ్చుకున్నది మామ సొంత తోటలో గాలివానకు విరిగిపడిన కొమ్మ మీదిది. దానిని మట్టి లేకుండా తుమ్మ మొద్దుకు కొబ్బరి పీచుతో కట్టి, మిద్దె మీద పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోట వేలాడదీశాను. వేసవిలో రెండు పూటలా తడుపుతున్నాను, రెండు తడుపుల మధ్య వేళ్లు మళ్లీ తెల్లబడనిస్తున్నాను. ఇంకా పూయలేదు. కొత్త వేళ్లు మూడు దిగాయి. వాటిలో ఒకటి మొద్దును వదిలి పిట్టగోడ సున్నాన్ని పట్టుకుంది.