మావయ్య డీటీపీ కంప్యూటర్: బూట్ పెన్‌డ్రైవ్‌తో మూడు రాత్రులు

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసి ఇంటికొచ్చేసరికి మావయ్య ఫోను. "ఒరేయ్ అబ్బాయ్, కంప్యూటర్ లేవట్లేదురా. మాఘమాసం పెళ్లికార్డులన్నీ అందులోనే ఉన్నాయి."

మావయ్యది అమలాపురంలో చిన్న డీటీపీ షాపు. పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రామ్), అనూ తెలుగు ఫాంట్లు, పన్నెండేళ్ల శుభలేఖలు, అన్నీ ఒకే 500 జీబీ హార్డ్‌డిస్కులో. ఎవరికో చూపిస్తే ఫార్మాట్ కొట్టాలన్నారట. "ఎవరికీ ఇవ్వకండి మావయ్యా, రేపు నేనొస్తాను. అప్పటిదాకా మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకండి" అన్నాను. పోయే దశలో ఉన్న డిస్కుని ఊరికే తిప్పితే మిగిలిన ఆయుష్షు కూడా అక్కడే ఖర్చైపోతుంది.

మొదటి రాత్రి

బోర్డు లోగో వస్తోంది. విండోస్ 7 గుర్తు మెరుస్తోంది. వెంటనే నీలి తెర, మళ్లీ మొదటికి. ఎఫ్8 నొక్కి, ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపే వరుస ఎంచుకుంటే నీలి తెర కదలకుండా నిలబడింది. స్టాప్ కోడ్ చివర 7బి. కాగితం మీద రాసుకున్నాను.

కేబినెట్ విప్పితే కోనసీమ తేమకి దుమ్ము పిండిముద్దలా అంటుకుని ఉంది. బ్రష్‌తో దులిపి, ర్యామ్ తీసి బంగారు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాను. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ ఒక పాస్ నడిపాను. తప్పులు సున్నా. ర్యామ్ మీద అనుమానం తీరింది.

నా పెన్‌డ్రైవ్ 16 జీబీది. అందులో వెంటాయ్ ఎక్కించి ఉంచుకుంటాను, హార్డ్‌డిస్కు బదులు పెన్‌డ్రైవ్ నుంచే కంప్యూటర్ని లేపే (బూట్ చేసే) సాధనం అది. ఎక్కించేటప్పుడు డ్రైవ్ మొత్తం చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోవాలి. ఆ తర్వాత ఐఎస్ఓ ఫైళ్లు (ఇన్‌స్టాల్ డిస్కుల నకళ్లు) మామూలుగా కాపీ చేసుకుంటే చాలు, బూట్ అయినప్పుడు అదే జాబితా చూపిస్తుంది. నా దాంట్లో సిస్టమ్‌రెస్క్యూ (చెడిన మిషన్లని కాపాడే లినక్స్), లినక్స్ మింట్, మెమ్‌టెస్ట్, విండోస్ 7 ఇన్‌స్టాల్ డిస్కు ఇమేజ్ ఉంటాయి. ముందువైపు యూఎస్‌బీలో పెడితే బూట్ మెనూలో కనిపించలేదు. వెనక, బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టాక కనిపించింది.

సిస్టమ్‌రెస్క్యూలోకి వెళ్లాక గడియారం 2010 జనవరి అని చూపించింది. పాత మిషన్ కదా అని పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌తో అడిగితే పెండింగ్ సెక్టార్లు (డిస్కు సరిగ్గా చదవలేకపోతున్న చిన్న ముక్కలు) 24 అని చెప్పింది. సున్నా ఉండాల్సిన చోట 24. అంటే రిపేరు సంగతి తర్వాత, ముందు డేటా బయటికి తేవాలి. 1 టీబీ బయటి డిస్కు తగిలించి, పాడవుతున్న డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా (ఇమేజ్) కాపీ చేసే డీడీరెస్క్యూ మొదలుపెట్టాను. ఆ బయటి డిస్కు ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే పని జరగదు, 4 జీబీ దాటిన ఫైలుని అది పట్టదు. నాది ఈఎక్స్‌టీ4. మొదటి విడత "గీకొద్దు" అనే ఆప్షన్‌తో నడపాలి. బాగున్న భాగమంతా ముందు చకచకా వచ్చేస్తుంది, చెడ్డ సెక్టార్లతో కుస్తీ చివరికి వాయిదా పడుతుంది.

రెండో రాత్రి

యూఎస్‌బీ 2 పోర్టు, సెకనుకు సుమారు 30 ఎంబీ. ఆ లెక్కన నాలుగున్నర గంటల పైనే. మూడో గంటలో కరెంటు పోయింది. షాపులో యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మావయ్య మొహం చూడలేకపోయాను. కానీ మ్యాప్‌ఫైల్‌ని బయటి డిస్కు మీదే రాయించాను. ఎక్కడిదాకా చదివిందో అందులో ఉంటుంది. కరెంటు వచ్చాక అదే కమాండ్ మళ్లీ కొడితే ఆగిన చోటి నుంచి అందుకుంది. మ్యాప్‌ఫైల్‌ని పెన్‌డ్రైవ్ నుంచి లేచి ర్యామ్‌లో నడిచే లైవ్ సిస్టమ్‌లో పెట్టుంటే అది ర్యామ్‌తోపాటే పోయేది, మొత్తం మొదటి నుంచి.

చెడ్డ సెక్టార్లను మూడుసార్లు ప్రయత్నించాక చదవకుండా మిగిలింది 12 కేబీ. 500 జీబీలో 12 కేబీ!

ఇమేజ్‌ని రీడ్-ఓన్లీగా తెరిచి పేజ్‌మేకర్ ఫైళ్లు కాపీ చేశాను. వాటితోపాటు విండోస్‌లోని ఫాంట్ల ఫోల్డరు కూడా. డీటీపీ మిషన్‌కి ఇది తప్పనిసరి. అనూ ఫాంట్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని చోట తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు ఇంగ్లీషు అక్షరాల గుంపు కనిపిస్తుంది.

మూడో రాత్రి

డేటా చేతిలో ఉంది కాబట్టి ధైర్యంగా రిపేరుకి దిగాను. విండోస్ డిస్కు ఇమేజ్‌తో బూట్ చేసి, విండోస్ లేచే భాగాన్ని బాగుచేసే బూట్‌రెక్ నడిపాను. ఫిక్స్ఎంబీఆర్ విజయవంతం, ఫిక్స్‌బూట్ విజయవంతం. రీస్టార్ట్ చేస్తే మళ్లీ అదే నీలి తెర. అప్పుడు కూర్చుని ఆలోచించాను. విండోస్ గుర్తు దాకా వస్తోందంటే బూట్ లోడర్ (విండోస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) తన పని చేసేసినట్టే. బాగున్నదాన్ని బాగుచేస్తున్నాను. 7బి చెప్పేది వేరు: విండోస్ లేచింది గానీ తన డిస్కుని తానే అందుకోలేకపోతోంది.

కాగితం మీద 7బి, బుర్రలో 2010 జనవరి. రెండూ అప్పుడు కలిశాయి. బోర్డు మీది సీఆర్2032 సెల్లు తీసి మల్టీమీటర్ పెట్టాను. 3 వోల్టులు ఉండాల్సింది, 2.1. సెల్లు నీరసించి బయాస్ (బోర్డు మీది మూల ప్రోగ్రామ్) సెట్టింగులన్నీ ఫ్యాక్టరీవి అయిపోయాయి. వాటిలో సాటా మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) పాత ఐడీఈకి వెళ్లిపోయింది. విండోస్ ఎక్కించినప్పుడు అది ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో ఉంది. ఐడీఈ డ్రైవర్ని ఈ విండోస్ బూట్ సమయంలో లోడ్ చేయదు, అందుకే డిస్కు కనబడలేదు.

కొత్త సెల్లు వేసి, తేదీ దిద్ది, సాటా మోడ్ ఏహెచ్‌సీఐకి మార్చాను. విండోస్ లేచింది. మావయ్య "ఆయ్, వచ్చేసిందిరా!" అని కుర్చీలోంచి లేచిపోయారు. మీకూ 7బి వస్తే ముందు ఈ సెట్టింగు చూడండి. ఆ మార్పు డిస్కు మీద ఏమీ రాయదు, కుదరకపోతే వెనక్కి మార్చుకోవచ్చు. రెయిడ్ (పలు డిస్కులని కలిపి వాడే పద్ధతి) అని ఉంటే మాత్రం ముట్టుకోకండి.

ప్రస్తుతానికి

ఆ 24 సెక్టార్ల డిస్కుని నమ్మను. ఎస్ఎస్‌డీకి ఆర్డరిచ్చాం, రాగానే ఇమేజ్‌ని దాని మీదికి దించుతాను. విండోస్ 7కి సపోర్టు 2020 జనవరి 14నే ఆగిపోయింది కనుక నెట్ కేబుల్ పీకేశాను. పేజ్‌మేకర్‌కి నెట్ అక్కర్లేదు. కేబినెట్ తలుపు లోపల తెల్ల స్టిక్కర్ అంటించి "సాటా: ఏహెచ్‌సీఐ. సెల్లు: సీఆర్2032", కింద సెల్లు మార్చిన తేదీ మావయ్య చేతే రాయించాను.