మాయ సీతని నమ్మింది హనుమంతుడంతటివాడు

"వినదగు నెవ్వరు చెప్పిన" పద్యం చిన్నప్పుడే నోటికొచ్చేసింది, బహుశా అందుకే అర్థం ఎప్పుడూ పట్టించుకోలేదు. ఎవరి మాటా వినొద్దని కాదు కదా అందులో ఉన్నది, ఎవరు చెప్పినా విను, కానీ "వినినంతనె వేగపడక వివరింపదగున్" అని, అంటే విన్న వెంటనే పరిగెత్తకు, కాస్త ఆరా తియ్యి అని. ఈ మాట తల్చుకుంటే చాలామందికి మంథర గుర్తొస్తుందేమో, నాకు మాత్రం రామాయణం యుద్ధకాండలో మాయ సీత గుర్తొస్తుంది.

ఇంద్రజిత్తు మాయతో ఒక సీతని చేసి రథం ఎక్కించుకుని వానరసేన ముందుకొస్తాడు. ఒంటి జడ, మాసిన చీర, ఒళ్ళంతా దుమ్ము. హనుమంతుడు కాసేపు అలా చూసి అవును సీతమ్మే అనుకుంటాడు, ఎందుకంటే ఈమధ్యే అశోకవనంలో చూసొచ్చాడు కదా. నాకు ఇక్కడే ఒళ్ళు జలదరిస్తుంది, మోసం చేసేవాడు మనకి తెలియనిదేదో తెచ్చి చూపించడండీ, మనకి బాగా తెలిసినదాన్నే, మనం దేనికి భయపడుతున్నామో దాన్నే తెచ్చి చూపిస్తాడు. ఆవిడ రామా రామా అని ఏడుస్తుంటే వాడు జుట్టు పట్టి లాగి, హనుమ కన్నీళ్ళతో తిడుతుంటే లెక్కచెయ్యకుండా జంధ్యం వేసుకునే దారిలో ఏటవాలుగా కత్తితో నరికేస్తాడు.

తర్వాత హనుమ అన్న మాట, ఎవరికోసం కొట్లాడుతున్నామో ఆ తల్లే లేదు, వెనక్కి పదండి, రాముడికి చెప్దాం అని. సేన వెనక్కి తిరిగింది. ఇంద్రజిత్తుకి కావాల్సింది సరిగ్గా అదే, అటు వీళ్ళు వెళ్ళగానే ఇటు వాడు లంకలోని నికుంభిల అనే పూజాస్థలానికి వెళ్ళి హోమానికి కూర్చున్నాడు, అది గానీ పూర్తయితే ఇంద్రుడితో సహా దేవతలంతా కలిసొచ్చినా వాణ్ణి ఏం చెయ్యలేరు. అంటే మన ఏడుపుతో వాడికి పని లేదు, మన కాళ్ళు ఆగితే చాలు.

నష్టం అక్కడితో అయిపోలేదు. కబురు వినగానే రాముడు మొదలు నరికిన చెట్టులా పడిపోయాడు, అన్నని పట్టుకుని లక్ష్మణుడు ఏకంగా ధర్మాన్నే తిట్టడం మొదలుపెట్టాడు, ధర్మమే ఉంటే నీకిన్ని కష్టాలెందుకు అని. అబద్ధం ఒక మనిషి గురించి, పోయింది మాత్రం ధర్మం మీద నమ్మకం.

నాకూ అయింది ఇలా. ఒకావిడ నా దగ్గరకొచ్చి నా ప్రాణస్నేహితురాలు నా గురించి ఏమందో ఆ గొంతులోనే, ఆ విసురుతోనే చెప్పింది, నా చెవులారా విన్నా అంది. అదే మాట అదే తీరులో నా స్నేహితురాలి నోట రావచ్చనిపించింది నాకు, పైగా లోపల ఎప్పట్నించో ఉన్న అనుమానం కూడా అదే. అడగలేదు. ఫోన్ తీసి మెసేజ్ సగం టైప్ చేసి చెరిపేశా, ఇలా చాలాసార్లు. రెండేళ్ళు మాటల్లేవు. ఆ రెండేళ్ళలో ఇంక ఎవర్నీ నమ్మకూడదు అని అందరికీ చెప్తూ తిరిగా, అదేదో జ్ఞానం వచ్చినట్టు!

విభీషణుడు యుద్ధభూమిలో ఆ దృశ్యం చూడనేలేదు. అయినా హనుమ చెప్పింది విని, సముద్రం ఎండిపోయిందంటే ఎంత నిజమో ఇదీ అంతే అన్నాడు. ఆయనకేం దివ్యదృష్టి లేదు, రావణుడి బుద్ధి తెలుసు, అంతే. సీతని వదిలెయ్యమని ఎన్నిసార్లు చెప్పినా విననివాడు ఇప్పుడు చంపనిస్తాడా అని ఆలోచించాడు. పద్యంలో "వివరింప" అంటే ఇదేననిపిస్తుంది నాకు, కళ్ళకి కనపడింది ఒకటుంటే మనిషి స్వభావం ఏం చెప్తోందో అదీ పక్కన పెట్టుకుని చూడటం. మా స్నేహితురాలి స్వభావం నాకు తెలియదా ఏంటి, చిన్నప్పట్నించీ తెలుసు.

ఇంకొకటి ఉంది, మనం చదువుతూ దాటేసే చిన్న ముక్క. విభీషణుడు అంత స్పష్టంగా చెప్పినా, దుఃఖంలో ఉన్న రాముడికి ఆ మాటలు సరిగ్గా ఎక్కవు. కాస్త తేరుకుని, ఇందాక నువ్వేదో చెప్పావు, అది మళ్ళీ విందామనుంది, ఇంకోసారి చెప్పు అంటాడు.

ఆ రోజు మా స్నేహితురాలు అలాంటి మాటే అనలేదని వేరే వాళ్ళ ద్వారా తెలిసినప్పుడు నేనూ ఫోన్ చెవికి పెట్టుకుని అదే అన్నా, మళ్ళీ చెప్పండి అని.