అద్దం మీద చారలు పడితే తప్పు గుడ్డది కాదు

పరాయి దేశంలో హౌస్‌కీపింగ్‌లోనో, ఆఫీసు క్లీనింగ్‌లోనో, కార్ వాష్‌లోనో చేరినవాళ్లకి మొదటి వారంలోనే తగిలే మాట: అద్దం మీద చారలున్నాయి, మళ్లీ తుడువు. చెయ్యి నొప్పి పుట్టేలా రుద్దినా ఆ చారలు పోవు. చాలాసార్లు లోపం తుడిచే చేతిలో ఉండదు, అంతకుముందు ఆ మైక్రోఫైబర్ గుడ్డను ఉతికిన తీరులో ఉంటుంది.

మైక్రోఫైబర్ అంటే నూలు కాదు. పాలిస్టర్, పాలియమైడ్ (నైలాన్ జాతిది) కలిపి తీసిన సన్నటి పోగు. మామూలుగా 80:20 పాళ్లలో, కాస్త మంచి రకమైతే 70:30లో ఉంటుంది. ఆ పోగును నిలువునా చీలుస్తారు. చీలికల సందుల్లోకే నీళ్లు, మురికి వెళ్లి కూర్చుంటాయి. పొడి అరచేతికి పట్టి లాగితే చర్మానికి గీరుకున్నట్టు అనిపిస్తే చీల్చిన పోగే. జారిపోతే పేరుకే మైక్రోఫైబర్.

ఆ సందులు పూడుకుపోతే గుడ్డ పని అయిపోయినట్టే. పూడ్చేవాటిలో మొదటిది ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్. బట్టలకు మెత్తదనం ఇచ్చే ఆ పూతే పోగు చుట్టూ అంటుకుని నీటిని లోపలికి రానివ్వదు. డ్రయర్‌లో వేసే సువాసన షీట్లదీ ఇదే వరస. నలుగురైదుగురు ఒకే మెషీన్ వాడుకునే గదుల్లో సాఫ్టెనర్ అర ఎప్పుడూ జిడ్డుగానే ఉంటుంది. మనం పోయకపోయినా ముందువాళ్లు పోసింది మన గుడ్డలకు తగులుతుంది. అర కడిగి, ఒకసారి ఖాళీగా తిప్పి, అప్పుడు వేయండి.

రెండోది సబ్బు ఎక్కువ కావడం. నురగ ఎక్కువైతే బాగా ఉతికినట్టు కాదు. చివరి జాడింపు నీళ్లలో ఇంకా నురగ కనిపిస్తోందంటే వచ్చేసారి కొలత తగ్గించాలి. పొడి సబ్బు చల్లనీళ్లలో సరిగా కరగదు, లిక్విడే మేలు. డ్రమ్ముని మూడొంతుల కంటే ఎక్కువ నింపితే గుడ్డలు తిరగడానికి చోటుండదు.

నూలు తువ్వాళ్లు, దుప్పట్లతో కలపకండి. నూలు పీచు వదులుతుంది, మైక్రోఫైబర్ దాన్ని పట్టుకుంటుంది, రేపు పొద్దున అదే పీచు అద్దం మీద తేలుతుంది.

లేబుల్ ఏ భాషలో ఉన్నా భయం లేదు. బొమ్మలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. నీళ్ల తొట్టి బొమ్మలో 40 అని ఉంటే 40 డిగ్రీలు దాటొద్దని. అంకె లేక చుక్కలుంటే, రెండు చుక్కలు 40కి, నాలుగు చుక్కలు 60కి గుర్తు. త్రికోణం మీద కొట్టివేత ఉంటే బ్లీచ్ వద్దని. చదరంలో వృత్తం డ్రయర్‌కు, అందులో ఒక్క చుక్క తక్కువ వేడికి. ఇస్త్రీపెట్టె మీద కొట్టివేత ఉంటే చెప్పేదేముంది. క్లోరిన్ బ్లీచ్ పాలియమైడ్‌ను తినేస్తుంది. డ్రయర్‌ని దుప్పట్ల వేడి మీదే ఉంచి వీటిని వేస్తే పోగుల కొసలు ముడుచుకుని గుడ్డ గరుకెక్కుతుంది. పూత పడిన గుడ్డను బాగుచేయొచ్చు గానీ ఇలా పాడైనదానికి వైద్యం లేదు. గాలికి ఆరేయడానికి చోటుంటే అంతకన్నా కావలసింది లేదు.

గుడ్డ మీద నీటిచుక్క వేసి చూడండి. ఇంకకుండా ముత్యంలా నిలబడితే పూత పట్టినట్టే. ఐదు లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 250 మిల్లీలీటర్ల తెల్ల వెనిగర్ కలిపి అరగంట నానబెట్టి, బాగా జాడించి, సాఫ్టెనర్ లేకుండా మళ్లీ ఉతకండి. ఉప్పునీళ్ల వల్ల పట్టిన తెల్లటి పొర కూడా దీంతో చాలావరకు వదులుతుంది. అయితే బ్లీచ్ తగిలిన బకెట్లో వెనిగర్ పోయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే: క్లోరిన్ వాయువు పుడుతుంది.

కార్ వాష్‌లో మైనం, పాలిష్ అంటిన గుడ్డల్ని ఆరనివ్వకుండా వెంటనే సబ్బునీళ్లలో పడేయాలి. ఎండితే గట్టిపడి, ఎంత ఉతికినా రాదు. కింద పడిన గుడ్డను దులిపి మళ్లీ వాడొద్దు. ఒక్క ఇసుక రేణువు చాలు, పెయింట్ మీద గీత పడటానికి. లేబుల్ కుట్టు కూడా గీస్తుంది, ముందే కత్తిరించండి.

తుడిచేటప్పుడు రెండుసార్లు మడిస్తే వాడుకోవడానికి ఎనిమిది ముఖాలు దొరుకుతాయి. బొత్తిగా పొడిగా ఉన్న గుడ్డ కన్నా తడిపి గట్టిగా పిండినదే నీటిని త్వరగా లాగుతుంది.

రంగుల విషయంలో మాత్రం పాత అలవాటును నమ్ముకోవద్దు. చాలాచోట్ల ఎరుపు టాయిలెట్లకు, ఆకుపచ్చ వంటగదికి. అయినా కంపెనీ మారితే లెక్క మారొచ్చు, చేరిన రోజే సూపర్‌వైజర్‌ను అడగండి. ఉతికేటప్పుడూ టాయిలెట్ గుడ్డలు విడిగానే. అద్దాలకు పనికిరానంతగా అరిగినదాన్ని ఒక మూల కత్తిరించి గుర్తు పెట్టి, నేల తుడవడానికో, చక్రాలకో మళ్లించండి. ఆ మూల తెగినది మళ్లీ అద్దాల దొంతరలోకి రాకూడదు.