చీలమండ వంగే కోణాన్ని సెన్సర్లతో కొలవడం

చీలమండ విరిగి ఆరు వారాలు పిండికట్టులో ఉన్న ఒక రైతుమహిళ మా ఫిజియోథెరపీ గదికి వచ్చిన రోజున నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: మళ్లీ గొంతుక్కూర్చుని మిరపతోటలో కలుపు తీయగలనా? గొంతుక్కూర్చోవాలంటే మడమ నేలను వదలకుండా మోకాలు కాలివేళ్లను దాటి ముందుకు రావాలి, అంటే ముంగాలు (మోకాలికీ చీలమండకూ మధ్య భాగం) పాదం మీదికి బాగా వాలాలి. ఆమె ఎడమకాలు అలా వాలడం లేదు. ఎంత తక్కువగా వాలుతోంది, వారం వారం ఎంత మారుతోంది అన్నది నమ్మదగిన అంకెల్లో తెలుసుకోవాలన్న పట్టుదలతో నేను కాలికి కట్టే కదలిక సెన్సర్లను వాడడం మొదలుపెట్టాను.

అంతకుముందు నాకు గోనియోమీటరే ఆధారం. కోణమానినికి రెండు చేతులు అమర్చినట్లుండే ఆ పరికరంలో ఒక చేతిని పిక్క బయటి ఎముక వెంట, రెండోదాన్ని పాదం బయటి అంచు వెంట ఉంచి మధ్యలోని కోణాన్ని చదువుతాము. బరువు మోపకుండా కొలిచినప్పుడు పాదం పైకి సుమారు 20 డిగ్రీలు, కిందికి సుమారు 50 డిగ్రీలు వంగడం సహజమని మా చదువులో నేర్పుతారు. ఒకే కాలిని నేనూ, నాతో పనిచేసేవారూ వెంటవెంటనే కొలిస్తే నాలుగైదు డిగ్రీలు తేడా రావడం నేను ఎన్నోసార్లు చూశాను. మొత్తం 20 డిగ్రీలే ఉన్నచోట ఐదు డిగ్రీల తేడా అంటే నాలుగో వంతు పోయినట్లే కదా! గోడకు ఎదురుగా నిలబెట్టి, మడమ లేవకుండా మోకాలిని గోడకు ఆనించమని చెప్పి, బొటనవేలు గోడకు ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో టేపుతో కొలిచే పరీక్ష ఇంతకంటే నిలకడైనది. అందులో ఒక్క సెంటీమీటరు సుమారు మూడున్నర డిగ్రీలకు సమానం. అయితే మనిషి కాలి పొడవును బట్టి ఆ లెక్క మారుతుంది కనుక, ఒకరి సెంటీమీటర్లను మరొకరి సెంటీమీటర్లతో పోల్చడం సరికాదు.

ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు ఎంపీయూ 6050 అనే చిన్న చిప్పు ఉన్న రెండు బోర్డులను వెల్క్రో పట్టీలకు అమర్చి ఇచ్చాడు. తపాలా బిళ్ల కంటే పెద్దగా ఉండని ఆ బోర్డులో యాక్సెలరోమీటర్, గైరోస్కోప్ రెండూ ఉంటాయి. కాలు కదలకుండా ఉన్నప్పుడు యాక్సెలరోమీటరుకు తెలిసేది భూమ్యాకర్షణ ఒక్కటే కాబట్టి, కిందివైపు ఏదో అది చెప్పగలదు, అంటే తాపీమేస్త్రీ చేతిలోని రసమట్టం చేసే పనే చేస్తుంది. గైరోస్కోప్ కోణాన్ని నేరుగా చెప్పదు. సెకనుకు ఎన్ని డిగ్రీల వేగంతో తిరుగుతున్నదో మాత్రమే చెబుతుంది, ఆ వేగాన్ని క్షణక్షణం కూడుకుంటూ పోతే కోణం వస్తుంది. ఆ కూడికలోనే చిక్కంతా ఉంది. కదలకుండా ఉన్నప్పుడు కూడా అది సెకనుకు 0.05 డిగ్రీల చొప్పున తప్పు చూపిస్తే, నిమిషం గడిచేసరికి 3 డిగ్రీల లేని కదలిక లెక్కలోకి చేరిపోతుంది. నడకలో యాక్సెలరోమీటరును నమ్ముదామా అంటే, మడమ నేలను తాకిన ప్రతిసారీ కలిగే అదురును కూడా అది ఆకర్షణగానే లెక్కిస్తుంది. అందుకే సెకనుకు వందసార్లు, గైరోస్కోప్ మాటకు 0.98 వంతు, యాక్సెలరోమీటర్ మాటకు 0.02 వంతు విలువనిచ్చి రెండింటినీ కలుపుతాము. దిక్కులు చూపే మాగ్నెటోమీటర్ కూడా ఉంటే మేలు కదా అని కొందరు అడుగుతారు. ఇనుప మంచాలు, నేలలో ఇనుప చువ్వలు ఉన్న గదిలో దాని ఉత్తరదిశ తప్పిపోతుంది, పైగా ముందుకు వాలే కోణానికి ఉత్తరదిశతో పని లేదు.

ఒక సెన్సరును ముంగాలికి, మరొకదాన్ని పాదం పైభాగానికి కట్టి, ఒకదాని వాలు నుంచి రెండోదాని వాలును తీసివేస్తే చీలమండ కోణం వస్తుంది. గోడ పరీక్షలో పాదం నేలకు ఆని ఉంటుంది కనుక ముంగాలి సెన్సరు ఒక్కటే చాలునని అనిపిస్తుంది. కానీ పాదం మీది సెన్సరే అసలు కాపలాదారు. మడమ కంటికి కనిపించనంతగా లేచినా, పాదం లోపలి వంపు నేలకు కుంగి పక్కకు ఒరిగినా అది వెంటనే పట్టేస్తుంది. బిగిసిన చీలమండ తాను వంగలేనప్పుడు పాదం ఈ దారుల్లోనే ఆ లోటును పూడుస్తుంది.

మూడో వారంలో గోడ పరీక్షలో ఆమె ఎడమకాలి కొలత 24 నుంచి 31 డిగ్రీలకు (బరువు మోపి కొలిస్తే కోణం 20 డిగ్రీలను దాటడం మామూలే) పెరిగిందని నేను సంతోషంగా చెప్పాను. "అంకె పెరిగిందంటున్నారు గానీ, కూర్చోబోతే నా మడమ ఇంకా లేచిపోతూనే ఉంది డాక్టరుగారూ" అన్నారామె. పరికరం కంటే ఆమె మాటే నిజమైంది. పట్టీ పక్కకు జరిగి సెన్సరు పిక్క కండ మీదికి వెళ్లిందని, ఆమె ముందుకు వంగినప్పుడల్లా ఉబ్బిన కండ దాన్ని తిప్పేస్తోందని విప్పి చూశాక తెలిసింది. అంతేకాక, కొలతకు ముందు నిటారుగా నిలబెట్టి సున్నా కోణాన్ని నమోదు చేసేటప్పుడు ఆమె బల్ల అంచు పట్టుకుని కొంచెం వెనక్కి వాలి నిలబడ్డారు, ఆ వాలు కూడా పెరుగుదలలో కలిసిపోయింది. అన్నీ సరిచేసి కొలిస్తే వచ్చింది 26. మూడు వారాల శ్రమకు నిజంగా దక్కింది 2 డిగ్రీలేనని ఆమెకు చెప్పడం నాకు చాలా కష్టమనిపించింది. అయినా ఆ వారమే చెప్పాను.

ఆనాటి నుంచి మోకాలి కింద ఎముక బొడిపె నుంచి 15 సెంటీమీటర్లు కిందికి కొలిచి, కండ లేని చదునైన లోపలి ముఖం మీద బాల్‌పెన్నుతో గీత పెట్టి, సెన్సరు అంచును ఆ గీతకు కలిపి కడుతున్నాను. సున్నా తీసుకునేటప్పుడు ఆమె దేన్నీ పట్టుకోరు. ప్రతి కాలికీ మూడుసార్లు కొలిచి, మూడింటి మధ్య 2 డిగ్రీలకు మించి తేడా వస్తే పట్టీ విప్పి మళ్లీ మొదలుపెడతాను.

కొలత నిలకడగా ఉంటే ఏ కండ అడ్డుపడుతున్నదో కూడా దానితో తెలుసుకోవచ్చు. పిక్కలోని పైకండ మోకాలికి పైన, తొడ ఎముక నుంచి మొదలవుతుంది కాబట్టి మోకాలు చాచినప్పుడు బిగుసుకుంటుంది, మోకాలు వంచితే వదులవుతుంది. దాని అడుగున ఉన్న కండ మోకాలికి కిందే మొదలవుతుంది కనుక మోకాలితో దానికి సంబంధం లేదు. అందువల్ల మోకాలు వంచి ఒకసారి, చాచి ఒకసారి కొలవాలి. ఆమె విషయంలో రెండు భంగిమల్లోనూ ఎడమకాలు కుడికాలి కంటే దాదాపు ఒకే మేరకు వెనకబడి ఉంది. పైకండ ఒక్కటే బిగిసి ఉంటే, మోకాలు వంచినప్పుడు ఆ తేడా తగ్గాలి. అది తగ్గలేదు కాబట్టి పిక్కను సాగదీసే వ్యాయామాల సమయాన్ని కొంత తగ్గించి, కీలునే వదులుచేసే పద్ధతులకు ఎక్కువ సమయం కేటాయించాను.

పద్నాలుగో వారంలో మోకాలు వంచి కొలిస్తే ఎడమకాలు 37, కుడికాలు 42 డిగ్రీలు చూపించాయి, పాదం మీది సెన్సరులో కదలిక దాదాపు లేదు. పట్టీలు విప్పకముందే ఆమె గది మధ్యలో నెమ్మదిగా గొంతుక్కూర్చుని, నేల మీద చేత్తో కలుపు పీకుతున్నట్లు నాలుగడుగులు ముందుకు జరిగారు. రెండు మడమలూ నేల మీదే ఉన్నాయి.