ఓడ్వయర్, మా మల్కాజిగిరి అమ్మాయిలు

మొన్న జోనల్ కబడ్డీ ఫైనల్లో మా స్కూల్ అమ్మాయిలు ఒక్క పాయింట్ తేడాతో ఓడిపోయారు. ఆఖరి రైడ్‌కి ముందు స్కోరు సమానం. మా క్యాప్టెన్ కూత పెట్టి వెళ్లి, ఊరికే గీత దాటి తిరిగొచ్చేసినా మ్యాచ్ టై అయ్యేది. నేనే బయట నుంచి "టచ్ తియ్యి, టచ్ తియ్యి" అని అరిచాను. నా మాట విని కాలు చాపింది. ఎడమ కార్నర్‌లో ఉన్న అమ్మాయి చీలమండ దొరకబుచ్చుకుంది. మధ్య గీతకి జానెడు దూరంలో చెయ్యి చాపుకుని పడి ఉండగానే విజిల్ పడింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. మౌలాలి నుంచి మల్కాజిగిరి దాకా ఆ పిల్ల మోకాలికి అంటిన ఎర్రమట్టిని గోటితో గీకుతూనే ఉంది. నేను ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు గుర్తొచ్చినాయన మిక్ ఓడ్వయర్, ఐర్లాండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ కోచ్.

ఆయన పేరు నేను మొదటిసారి విన్నది 2025 ఏప్రిల్‌లో. మా తమ్ముడు డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆ రోజు ఫోన్ చేసి, "అక్కా, ఇక్కడ నీలాంటాయన ఒకాయన పోయాడు" అన్నాడు. నాలాంటాయన ఏంట్రా అంటే, "మొదట ఆడాడు, తర్వాత ఆడించాడు. ఆఫీసులో పొద్దుట్నించీ అందరూ ఆయన గురించే" అన్నాడు. అప్పటి నుంచి దొరికిన పాత వీడియోలన్నీ చూస్తూ వచ్చాను.

గేలిక్ ఫుట్‌బాల్ మనం చూసే ఫుట్‌బాల్ కాదు. జట్టుకి పదిహేనుమంది. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కానీ నాలుగడుగులు వేస్తే నేలకి కొట్టాలి, లేదా కాలి బొటనవేలితో తన్ని మళ్లీ చేతికి అందుకోవాలి. హెచ్ అక్షరంలా నిలబెట్టిన స్తంభాల మధ్య, అడ్డబద్ద పైనుంచి వెళ్తే ఆయన కాలంలో ఒక పాయింట్. కింద వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. నాకు బాగా నచ్చిందేమిటంటే, ఆడేవాళ్లకి జీతం లేదు. టీచర్లు, పోలీసులు, రైతులు పగలు పనికెళ్లి సాయంత్రం ప్రాక్టీసుకి వస్తారు. మామూలుగా ఎవరి కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, వాళ్లే ఆడతారు. ఇంట్లో గిన్నెలు తోమి, తమ్ముణ్ణి స్కూల్లో దింపి ప్రాక్టీసుకొచ్చే నా పిల్లలకి ఇది చెబితే వెంటనే అర్థమైంది.

ఓడ్వయర్ 1936లో కెర్రీ కౌంటీలో, వాటర్‌విల్ అనే సముద్రం పక్క ఊళ్లో పుట్టాడు. ఆటగాడిగా నాలుగు ఆల్ ఐర్లాండ్ టైటిళ్లు, అంటే దేశం మొత్తానికి ఛాంపియన్: 1959, 1962, 1969, 1970. మధ్యలో ఒకసారి ఆట మానేసి మళ్లీ వచ్చాడు, ఆ చివరి రెండూ అలా వచ్చినవే. 1975లో కెర్రీకి మేనేజర్ అయ్యాడు. మొదటి ఏడాదే, కుర్రాళ్ల జట్టుతో, అంతకుముందు ఏడాది ఛాంపియన్ అయిన డబ్లిన్‌ని ఫైనల్లో కొట్టాడు. కిలార్నీ స్టేడియంలో ఈ కంచె నుంచి ఆ కంచె దాకా పరుగులు పెట్టించేవాడు. ఆ పరుగుల గురించి ఆయన దగ్గర ఆడినవాళ్లు ముసలివాళ్లయ్యాక కూడా ఆయాసపడుతున్నట్టే చెబుతారు.

1978, 79, 80, 81. వరుసగా నాలుగు. ఐదు ఎవరూ కొట్టలేదు అప్పటికి. 1982 ఫైనల్ ఆఫలీ కౌంటీతో. మధ్యలో కెర్రీకి పెనాల్టీ వచ్చింది, మైకీ షీహీ కొడితే గోల్‌కీపర్ మార్టిన్ ఫర్లాంగ్ ఆపేశాడు. అయినా రెండు నిమిషాలో ఏమో మిగిలాయనగా కెర్రీ రెండు పాయింట్లు ముందుంది. అప్పుడు సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన షేమస్ డార్బీ అనే అతను బంతి అందుకుని తిరిగి ఒక్కటి తన్నాడు. గోల్. మూడు పాయింట్లు. కెర్రీ ఒక్క పాయింట్‌తో ఓడింది. "ఐదోసారి" అని టీషర్టులు కూడా అచ్చేసుకున్నారు పాపం. ఆ గోల్ నేను ఇరవైసార్లు చూసి ఉంటాను. ప్రతిసారీ ఇంకో అడుగు ఎవరో అడ్డం వస్తారేమో అనిపిస్తుంది.

మరుసటి ఏడాది మన్‌స్టర్ (కెర్రీ ఉన్న ప్రాంతం) ఫైనల్లో కార్క్ కౌంటీ చేతిలో, మళ్లీ చివర్లో పడిన గోల్‌తోనే ఓటమి. మన దగ్గరైతే కోచ్‌ని మార్చేస్తారు, జట్టుని ముసలి జట్టు అంటారు. ఆయన ఉన్నాడు. దాదాపు అదే కుర్రాళ్లతో 1984, 85, 86 మూడూ గెలిచాడు. మొత్తం ఎనిమిది.

తర్వాత కిల్డేర్ కౌంటీకి వెళ్లి, 1956 తర్వాత వాళ్లు చూడని లెన్‌స్టర్ ప్రాంతం టైటిల్‌ని 1998లో తెచ్చిపెట్టాడు. ఆ ఏడాది సెమీఫైనల్లో ఎదురుపడింది కెర్రీ, దానికి మేనేజర్ ఆయన దగ్గరే ఆడిన పాడీ ఓషే. ఓడ్వయర్ సొంత కొడుకు కార్ల్ ఈ పక్క కిల్డేర్‌కి ఆడుతున్నాడు. కిల్డేర్ గెలిచింది. సొంత ఊరిని ఓడించినప్పుడు ఆయనకి ఎలా అనిపించి ఉంటుందో! 2003లో లీష్ కౌంటీకి కూడా 57 ఏళ్ల తర్వాత లెన్‌స్టర్ టైటిల్. ఆ తర్వాత విక్లో, క్లేర్. డెబ్బై దాటాక కూడా వానలో గ్రౌండ్ పక్కన నిలబడ్డాడు.

ఈ కథ తమ్ముడితో మాట్లాడినప్పుడల్లా మా తాతయ్య గుర్తొస్తాడు. ఆయన ఫతే మైదాన్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఆట చూసినవాడు. "రహీమ్ సాబ్" అని చెప్పేటప్పుడు కుర్చీలో సర్దుకుని కూర్చునేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీమ్, ఆ జట్టు కోచ్, నాలాగే స్కూల్ టీచర్. ఓడ్వయర్‌కి చివరి నిమిషంలో చేజారిన ఆ ఐదు, బొంబాయి రోవర్స్ కప్‌లో రహీమ్ సాబ్ జట్టు కొట్టింది, 1950 నుంచి 54 దాకా వరుసగా. ఈ ఊళ్లో ఎంతమంది పిల్లలకి తెలుసు ఆ సంగతి? నా క్లాసులో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. నాకు చాలా బాధేసింది.

సోమవారం పొద్దున్న ఆరింటికి గ్రౌండ్‌కి వెళ్లి సున్నంతో గీతలు వేస్తుంటే, ఆ పిల్ల అందరికంటే ముందే వచ్చింది. దగ్గరికి పిలిచి, "తప్పు నీది కాదు, టచ్ తియ్యమన్నది నేను" అని చెప్పాను. తను ఏమీ అనలేదు. వేప చెట్టు కింద కూర్చుని నీక్యాప్ తొడుక్కుంది. లేచి వచ్చి అంది:

"మేడమ్, ఎడమ కార్నర్‌లో ఎవర్నైనా నిలబెట్టండి."