కాటా సెల్లు తీసి సీపీయూకి వేశాను

ఆదివారం. ఈ ఎండలకు మా అనంతపురంలో మేడ మీది గదిలో పగలు కూర్చోవడం అయ్యే పని కాదు, అందుకే పొద్దు వాలాకే నా హామ్ రేడియో (సరదాకి ఇతర స్టేషన్లతో మాట్లాడుకునే రేడియో) దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం ఓ గంట కరెంటు పోయిందన్న సంగతి అప్పటికి గుర్తే లేదు.

క్లాక్ టవర్ అవతల పాత సామాను అంగడిలో ఎనిమిది వందలకు తెచ్చిన కోర్ టు డ్యుయో సీపీయూ, అదే ఇప్పుడు నా ఎఫ్‌టీ8 మిషను, అంటే కంప్యూటరు సాయంతో రేడియోలో చిన్న చిన్న సందేశాలు పంపుకునే పద్ధతికి వాడేది. మంచి ల్యాప్‌టాప్ ఉండగా ఈ డబ్బా ఎందుకని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. దీని వెనక తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉంది మరి! ఆర్‌టీఎస్ పిన్నుకు ఒక రెసిస్టరు, డయోడు, పది రూపాయలు కూడా చెయ్యని ట్రాన్సిస్టరు తగిలిస్తే రేడియోను అదే ట్రాన్స్‌మిట్‌లోకి తిప్పుతుంది. ల్యాప్‌టాప్‌కైతే ఇదంతా విడిగా కొనాలి.

ఇంకో చచ్చిన సీపీయూలోంచి పీకిన ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై డబ్బా) రేడియోకు కరెంటు ఇస్తోంది. పచ్చ వైరును నల్ల వైరుతో కలిపితే ఆన్ అవుతుంది, పసుపు వైర్లలో 12 వోల్టులు, నా 5 వాట్ల రేడియో కిట్టుకు అది చాలు. కాకపోతే నేను వినే నలభై మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ దగ్గరి తరంగాలు) నిండా దాని వల్ల ఒకటే రొద. రొద ఆపుదామని దాని లోపలే ఉండే పసుపు-తెలుపు రింగుకు వైరు చుట్టి వారం పాడుచేసుకున్నాను, అది ఇనుప పొడి రింగు, ఈ పనికి రాదు. పాత మానిటర్ కేబుళ్ల మీద ఉండే నల్ల ముద్దలు నాలుగు కోసి వరసగా తొడిగితే కొంత తగ్గింది. కొంతే.

ఇవాళ 7.074 మెగాహెర్ట్జ్‌లో తెర మీద సిగ్నళ్లు చారలు చారలుగా దిగుతున్నాయి, ఒక్క కాల్‌సైన్ (స్టేషను పేరు) కూడా పడట్లేదు. వేపచెట్టుకు కట్టిన ఇరవై మీటర్ల పొడవు డైపోల్ యాంటెన్నా తెగిందేమోనని టార్చి పట్టుకుని చూసొచ్చాను, సౌండు లెవెలు తిప్పి తిప్పి చూశాను, అరగంట పోయింది. తీరా చూస్తే గడియారంలో 2007 జనవరి. మదర్‌బోర్డు మీది సెల్లు చచ్చి, కరెంటు పోగానే టైము మొదటికొచ్చింది. తేదీ ఏదైనా ఎఫ్‌టీ8కి పట్టదు, కానీ పదిహేను సెకన్లకొక వంతు కదా, సెకన్లు కలవకపోతే పక్కనే అరిచినా వినదు.

ఆదివారం రాత్రి ఆ సీఆర్2032 సెల్లు ఎక్కడ దొరుకుతుంది? వంటింటి కాటాలో ఉంది. తీసి వేసి, నెట్టు వైరు పైదాకా రాదు కాబట్టి ఫోను చూసి సెకను కలిసేలా ఎంటర్ కొట్టాను. మూడో వంతుకు ఒక జపాన్ కాల్, వెంటనే రెండు ఇండోనేషియావి. నేను పిలిస్తే మాత్రం ఎవరూ పలకలేదు.

కింద నుంచి కేక. చెనక్కాయల పొడి పావుకిలో పొట్లాలు కట్టాలట, కాటా వెలగట్లేదట.