సేవ్‌కీ రిజల్ట్‌కీ మధ్య ఏం జరుగుతోంది?

బిల్డ్ (రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) స్లోగా ఉందని ఎవరైనా అంటే ముందు అడగాల్సిన ప్రశ్న, ఏ బిల్డ్ అని. రిపో (ప్రాజెక్ట్ కోడ్ నిల్వ) క్లోన్ చేయగానే నడిచే మొదటి బిల్డ్‌కి పట్టే టైమ్ వేరు. ఏమీ మార్చకుండా మళ్లీ నడిపితే పట్టే టైమ్ వేరు. ఒక ఫంక్షన్‌లో ఒక్క లైన్ మార్చి, సేవ్ కొట్టి, దానికి సంబంధించిన టెస్ట్ పాసో ఫెయిలో తెలిసేదాకా పట్టే టైమ్ మరీ వేరు. టీముల్లో చర్చంతా మొదటిదాని చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే అంకె పెద్దదిగా కనబడేది అక్కడే. రోజంతా పనిని ముక్కలు చేసేది మాత్రం మూడోది. ఈ మూడింటినీ విడివిడిగా కొలిచి రాసిపెట్టుకోకుండా బండ్లర్ (కోడ్ ఫైళ్లని కలిపి కట్టే టూల్) మార్చడం, కొత్త ల్యాప్‌టాప్ అడగడం లాంటివి మొదలుపెట్టకండి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చాలా ప్రాజెక్టుల్లో కంపైలర్ స్లో కాదు. ఒకసారి చేస్తే సరిపోయే పనిని బిల్డూ టెస్టులూ కలిసి వందలసార్లు చేస్తుంటాయి. ఆ పని ఎక్కడ దాక్కుందో పట్టుకోవాలి.

వెతకడం రెండో కొలతతో మొదలుపెట్టండి. ఏమీ మార్చకుండా బిల్డ్ నడిపితే దాదాపు వెంటనే అయిపోవాలి. అలా కాకుండా నిమిషం పడుతోందంటే ఏదో టాస్క్ ప్రతిసారీ "నా ఇన్‌పుట్ మారింది" అనుకుంటోంది. జావా బిల్డ్ టూల్ గ్రేడిల్‌లో ఇన్ఫో లాగింగ్ ఆన్ చేసి నడిపితే ఏ టాస్క్ ఎందుకు మళ్లీ నడిచిందో, ఏ ఇన్‌పుట్ మారిందో పేరు పెట్టి చెప్తుంది. ఎక్కువసార్లు దొరికే దొంగ బిల్డ్ టైమ్‌స్టాంప్. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో బిల్డ్ ఇన్ఫో ఆన్ చేస్తే అది డిఫాల్ట్‌గా బిల్డ్ జరిగిన టైమ్‌ని ఒక ప్రాపర్టీస్ ఫైల్‌లో రాస్తుంది. టైమ్ ప్రతిసారీ మారుతుంది కాబట్టి ఆ ఫైల్ మారుతుంది, ఆ ఫైల్ క్లాస్‌పాత్‌లో (జావా ఫైళ్లు వెతికే చోట్ల జాబితాలో) ఉంది కాబట్టి టెస్ట్ టాస్క్ కూడా పాతబడిపోతుంది. అంటే ఒక్క అక్షరం ముట్టుకోకపోయినా టెస్టులన్నీ మళ్లీ నడుస్తాయి. ఆ టైమ్ ఫీల్డ్‌ని ఎక్స్‌క్లూడ్ చేయండి, లేదా రిలీజ్ బిల్డ్‌లో మాత్రమే రాయించండి. గిట్ కమిట్ హ్యాష్‌ని ఫైల్‌లోకి ఎక్కించే ప్లగిన్‌లదీ ఇదే కథ, కాకపోతే అవి కమిట్ చేసినప్పుడల్లా క్యాష్‌ని (దాచిపెట్టిన పాత ఫలితాలని) చెడగొడతాయి.

జావా మల్టీ మాడ్యూల్ ప్రాజెక్టుల్లో ఇంకొకటి చూడాలి. డిపెండెన్సీని ‘ఏపీఐ’గా (పై మాడ్యూళ్లకీ కనబడేలా) ప్రకటించారా, ‘ఇంప్లిమెంటేషన్’గానా (లోపలికి మాత్రమే)? ఒక మెథడ్ లోపలి కోడ్ మాత్రమే మారితే, బయటికి కనబడే సిగ్నేచర్ మారలేదు కాబట్టి, దానిమీద ఆధారపడ్డ మాడ్యూళ్లని గ్రేడిల్ మళ్లీ కంపైల్ చేయదు. కానీ అన్నిటినీ ఏపీఐగా పెట్టేస్తే అడుగున ఉన్న కామన్ మాడ్యూల్‌లో ఒక పబ్లిక్ మెథడ్ సిగ్నేచర్ మారగానే పైదాకా అంతా కదులుతుంది. ఇంక్రిమెంటల్‌గా పనిచేయలేని ఒక్క యానొటేషన్ ప్రాసెసర్ (కంపైల్ సమయంలో కోడ్ తయారు చేసే టూల్) ఉన్నా ఆ మాడ్యూల్ మొత్తం ఫుల్ కంపైల్ అవుతుంది. దాని పేరు కూడా ఇన్ఫో లాగ్‌లోనే దొరుకుతుంది.

టైప్‌స్క్రిప్ట్ (జావాస్క్రిప్ట్‌కి టైపులు చేర్చిన భాష) వైపు వస్తే, రెండు పనులు కలిసిపోయి ఉంటాయి: టైపులు చెక్ చేయడం, టైపులు తీసేసి జావాస్క్రిప్ట్ ఇవ్వడం. మొదటిది బరువైనది, రెండోది చాలా తేలిక. బ్రౌజర్‌లో మార్పు చూడాలన్నా, టెస్ట్ నడపాలన్నా రెండోది చాలు. అందుకే ఈఎస్‌బిల్డ్, ఎస్‌డబ్ల్యూసీ లాంటివి టైపుల జోలికే పోవు, ఫైల్ తర్వాత ఫైల్ మార్చేసి ఇచ్చేస్తాయి. వెబ్‌ప్యాక్ అనే బండ్లర్‌లో టీఎస్-లోడర్ వాడుతుంటే ‘ట్రాన్స్‌పైల్ ఓన్లీ’ ఆన్ చేసి, టైప్ చెకింగ్‌ని వేరే ప్రాసెస్‌లో నడపండి. జెస్ట్ అనే టెస్ట్ రన్నర్‌కి టైప్‌స్క్రిప్ట్ ప్లగిన్ అయిన టీఎస్-జెస్ట్ డిఫాల్ట్‌గా టైపులు కూడా చెక్ చేస్తుంది కాబట్టి అక్కడా ‘ఐసొలేటెడ్ మాడ్యూల్స్’ ఆన్ చేయాలి. దీనికో షరతు ఉంది: ప్రతి ఫైల్‌నీ విడిగా చూస్తారు కాబట్టి, ఇంకో ఫైల్ నుంచి తెచ్చిన టైప్‌ని మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసేచోట ‘ఎక్స్‌పోర్ట్ టైప్’ అని స్పష్టంగా రాయాలి. టైప్ చెక్ మానేయమని కాదు. అది ఎడిటర్‌లోనూ, పక్క టెర్మినల్‌లో వాచ్ మోడ్‌లోనూ, సీఐలోనూ (కోడ్ పంపినప్పుడల్లా సర్వర్‌లో బిల్డ్, టెస్టులు నడిపే వ్యవస్థలోనూ) నడుస్తూనే ఉండాలి. మనం రిజల్ట్ కోసం ఎదురుచూసే దారిలో మాత్రం ఉండకూడదు.

చెక్ స్లోగా ఉంటే టైప్‌స్క్రిప్ట్ కంపైలర్ టీఎస్‌సీని ‘ఎక్స్‌టెండెడ్ డయాగ్నస్టిక్స్’తో నడపండి. వచ్చే పట్టికలో ముందు ఫైళ్ల సంఖ్య చూడండి, తర్వాత చెక్ టైమ్. మీ సోర్స్‌లో వెయ్యి ఫైళ్లుంటే అక్కడ ఆరువేలు కనబడుతున్నాయా? బిల్డ్ అయిన ఫైళ్లుండే డిస్ట్ ఫోల్డరో, జెనరేట్ అయిన క్లయింట్ కోడో ‘ఇన్‌క్లూడ్’లోకి దూరి ఉంటుంది. ‘ఇంక్రిమెంటల్’ ఆన్ చేస్తే గతంలో చెక్ చేసిన సమాచారం ఒక బిల్డ్‌ఇన్ఫో ఫైల్‌లో మిగులుతుంది. క్లీన్ స్క్రిప్ట్ ఆ ఫైల్‌ని ప్రతిసారీ చెరిపేస్తుంటే మాత్రం ఆన్ చేసి లాభం లేదు. ‘స్కిప్ లిబ్ చెక్’ వల్ల లైబ్రరీల డిక్లరేషన్ ఫైళ్లు చెక్ కావు, టైమ్ బాగా మిగులుతుంది. మీరు సొంతంగా రాసుకున్న డిక్లరేషన్ ఫైళ్లు కూడా చెక్ కావన్నది గుర్తుంచుకోండి.

ఇక టెస్టులు. ఎక్కువ టైమ్ పోయేది ఇక్కడే.

జెస్ట్‌లో ప్రతి టెస్ట్ ఫైల్‌కీ సొంత మాడ్యూల్ రిజిస్ట్రీ (లోడ్ అయిన మాడ్యూళ్ల జాబితా) ఉంటుంది. ట్రాన్స్‌ఫామ్ అయిన కోడ్ డిస్క్ క్యాష్‌లో ఉంటుంది కానీ, ఆ మాడ్యూళ్లని నడిపించడం ప్రతి టెస్ట్ ఫైల్‌కీ మొదటినుంచీ జరగాల్సిందే. ఇప్పుడు కాంపొనెంట్లన్నిటినీ రీ-ఎక్స్‌పోర్ట్ చేసే ఒక ఇండెక్స్ ఫైల్ ఉందనుకోండి. టెస్ట్‌కి కావలసింది ఒక బటన్. దాన్ని ఇండెక్స్ నుంచి ఇంపోర్ట్ చేయగానే చార్ట్ లైబ్రరీ, డేట్ పికర్, రిచ్ టెక్స్ట్ ఎడిటర్ అన్నీ లోడ్ అవుతాయి. టెస్ట్ నడిచేది 20 మిల్లీసెకన్లు, ఇంపోర్ట్‌లకు 3 సెకన్లు. అలాంటి ఫైళ్లు 300 ఉంటే ఇంపోర్ట్‌లకే 900 సెకన్ల పని, అసలు టెస్టింగ్ 6 సెకన్లు. రిపోర్ట్‌లో విడివిడి టెస్టుల టైమ్ తక్కువగా కనబడుతూ ఫైల్ మొత్తం టైమ్ ఎక్కువగా ఉంటే అనుమానించాల్సింది దీన్నే. మందు సులువు: కావలసిన ఫైల్ నుంచే నేరుగా ఇంపోర్ట్ చేయడం. ఇండెక్స్ ద్వారా ఇంపోర్ట్ చేయకుండా, కోడ్ నియమాలు చెక్ చేసే ఈఎస్‌లింట్‌లో ఒక రూల్ పెట్టేస్తే మళ్లీ పెరగదు.

స్ప్రింగ్‌లో ఇదే జబ్బు అప్లికేషన్ కాంటెక్స్ట్ (అప్లికేషన్ ఆబ్జెక్టులన్నీ సిద్ధంగా ఉండే డబ్బా) రూపంలో వస్తుంది. టెస్టుల మధ్య కాంటెక్స్ట్‌ని స్ప్రింగ్ క్యాష్ చేస్తుంది, కానీ కాన్ఫిగరేషన్ క్లాసులు, యాక్టివ్ ప్రొఫైళ్లు, టెస్ట్ ప్రాపర్టీలు, మాక్ చేసిన (నకిలీతో మార్చిన) బీన్లు, అంటే స్ప్రింగ్ తయారు చేసే ఆబ్జెక్టులు, ఇవన్నీ ఒకేలా ఉంటేనే. ఒక టెస్ట్ క్లాస్‌లో పేమెంట్ క్లయింట్‌ని మాక్ చేసి, పక్క క్లాస్‌లో దానితోపాటు ఈమెయిల్ సెండర్‌ని కూడా మాక్ చేస్తే అవి రెండు వేరువేరు కాంటెక్స్ట్‌లు. కాంటెక్స్ట్ లేవడానికి 8 సెకన్లు పట్టి, ఇలాంటి కాంబినేషన్లు 15 ఉంటే, టెస్టులు నడిచే టైమ్ కాకుండానే రెండు నిమిషాలు పోయాయి.

దీన్ని ఊహించాల్సిన అవసరం లేదు. స్ప్రింగ్ టెస్ట్ కాంటెక్స్ట్ క్యాష్ ప్యాకేజీకి డీబగ్ లాగింగ్ ఆన్ చేస్తే సైజ్, మ్యాక్స్‌సైజ్, హిట్‌కౌంట్, మిస్‌కౌంట్ అని ఒక లైన్ వస్తుంటుంది. చివరి లైన్‌లో ఉన్న మిస్‌కౌంట్ ఎంతో, కాంటెక్స్ట్ అన్నిసార్లు లేచింది. మ్యాక్స్‌సైజ్ డిఫాల్ట్‌గా 32. అంతకు మించితే పాతవి మూసేసి, అవసరం పడితే మళ్లీ లేపుతుంది. అన్ని ఇంటిగ్రేషన్ టెస్టులకూ ఒకే బేస్ క్లాస్ పెట్టి, బయటి సర్వీసుల మాక్‌లన్నీ అందులోనే ప్రకటించండి. ఒక టెస్ట్‌కి ఈమెయిల్ మాక్ అక్కర్లేకపోయినా ఉంటే నష్టం లేదు. ‘డర్టీస్ కాంటెక్స్ట్’ అన్న యానొటేషన్ ఎక్కడెక్కడ ఉందో వెతికి, ఒక్కొక్కటీ ఎందుకుందో తేల్చండి. చాలాసార్లు ఒక ఇన్-మెమరీ మ్యాప్‌ని ఖాళీ చేస్తే పోయేదానికి మొత్తం కాంటెక్స్ట్‌ని పారేస్తుంటారు. ఈ క్యాష్ ఒక జేవీఎం (జావా ప్రోగ్రామ్‌ని నడిపే ప్రాసెస్) లోపలే బతుకుతుంది కాబట్టి, ప్రతి టెస్ట్ క్లాస్‌కీ కొత్త జేవీఎం ఫోర్క్ చేసే సెటింగ్ ఉంటే క్యాష్ ఉన్నా లేనట్టే.

స్లైస్ టెస్టులు (అప్లికేషన్‌లో ఒక పొరని మాత్రమే లేపేవి) తేలికన్న నమ్మకాన్ని కూడా కొలిచి చూడాలి. ‘వెబ్ ఎంవీసీ టెస్ట్’ని ఒక్కో కంట్రోలర్‌కి విడిగా రాస్తే కంట్రోలర్‌కొక కాంటెక్స్ట్ లేస్తుంది. 30 చిన్న కాంటెక్స్ట్‌ల కంటే అందరూ పంచుకునే ఒక పెద్ద కాంటెక్స్ట్ చవక కావచ్చు. బిజినెస్ లాజిక్‌కైతే స్ప్రింగే అక్కర్లేదు. కన్‌స్ట్రక్టర్‌కి ఫేక్ ఇచ్చి ఆబ్జెక్ట్ చేసుకుంటే టెస్ట్ మిల్లీసెకన్లలో అయిపోతుంది.

డేటాబేస్ దగ్గర అసలు ఖర్చు క్వెరీలది కాదు, టేబుళ్లు కట్టడం, చెరపడం. ప్రతి టెస్ట్‌నీ ఒక ట్రాన్సాక్షన్‌లో నడిపి రోల్‌బ్యాక్ చేయడం (మార్పులన్నీ వెనక్కి తీసేయడం) అన్నిటికంటే వేగం. కానీ మూడుచోట్ల దెబ్బతింటుంది. కమిట్ అయ్యాక నడవాల్సిన హుక్‌లు నడవవు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో సీక్వెన్స్ (ఐడీలిచ్చే కౌంటర్) వెనక్కి రాదు కాబట్టి "ఐడీ 1 రావాలి" అని రాసిన టెస్ట్ రెండోసారి ఫెయిలవుతుంది. సర్వర్‌ని నిజంగా ఒక పోర్ట్ మీద లేపి హెచ్‌టీటీపీ ద్వారా టెస్ట్ చేస్తే, అటువైపు వేరే కనెక్షన్ ఉంటుంది కాబట్టి కమిట్ కాని డేటా దానికి కనబడదు, అది రాసినదాన్ని మన రోల్‌బ్యాక్ తీసేయదు. అలాంటి టెస్టులకు పోస్ట్‌గ్రెస్ టెంప్లేట్ డేటాబేస్ మంచి దారి. మైగ్రేషన్లన్నీ (టేబుళ్లు కట్టే, మార్చే స్క్రిప్టులు) ఒకసారి నడిపి ఒక బేస్ డేటాబేస్ తయారు చేసి, దాన్ని టెంప్లేట్‌గా చూపించి ఒక్కో వర్కర్‌కి ఒక కాపీ తీయండి. ఆ సమయంలో టెంప్లేట్‌కి ఎవరూ కనెక్ట్ అయి ఉండకూడదు, ఒక్క కనెక్షన్ మిగిలినా ఎర్రర్ వస్తుంది. టెస్ట్ సర్వర్‌లో, డేటా డిస్క్‌కి భద్రంగా చేరేలా చూసే ఎఫ్‌సింక్, సింక్రనస్ కమిట్, ఫుల్ పేజ్ రైట్స్ ఆఫ్ చేయొచ్చు. మెషిన్ క్రాష్ అయితే డేటా పాడవుతుంది, టెస్ట్ డేటాకి దానివల్ల బాధ లేదు. ఆ కాన్ఫిగ్ ఫైల్ ప్రొడక్షన్ దరిదాపుల్లోకి కూడా వెళ్లకుండా చూసుకోండి.

పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో ‘కీప్‌డీబీ’ వాడితే టెస్ట్ డేటాబేస్ రన్‌కీ రన్‌కీ మధ్య మిగులుతుంది. ‘సెటప్’లో చేసే ఇన్సర్ట్‌లని ‘సెటప్ టెస్ట్ డేటా’లోకి మారిస్తే ప్రతి టెస్ట్‌కీ కాకుండా క్లాస్‌కి ఒకసారే జరుగుతాయి. యూజర్లని తయారు చేసే టెస్టులు ఎక్కువ ఉంటే పాస్‌వర్డ్ హ్యాషింగ్ చూడండి. జాంగో 4.2లో పీబీకేడీఎఫ్2 అనే హ్యాషింగ్ పద్ధతి డిఫాల్ట్‌గా 6,00,000 ఇటరేషన్లు చేస్తుంది. కావాలనే అంత స్లోగా పెట్టారు, ప్రొడక్షన్‌లో అలాగే ఉండాలి. టెస్ట్ సెటింగ్స్‌లో మాత్రం ఎండీ5 హ్యాషర్ పెట్టండి. బీక్రిప్ట్ అనే ఇంకో హ్యాషింగ్ పద్ధతి వాడేచోట కాస్ట్‌ని 12 నుంచి 4కి దించితే పని 256 వంతుల్లో ఒక వంతుకు తగ్గుతుంది, ఎందుకంటే కాస్ట్ ఒకటి పెరిగినప్పుడల్లా పని రెట్టింపవుతుంది.

స్లీప్‌లు (టెస్ట్‌ని ఊరికే కాసేపు ఆపే లైన్లు) చెప్పనే అక్కర్లేదు. కోడంతా గ్రెప్ చేసి (వెతికి), కండిషన్ నిజమయ్యేదాకా చూసే వెయిట్‌గానో, ఫేక్ టైమర్‌గానో మార్చేయండి.

ఇవన్నీ అయ్యాకే పారలల్ రన్ గురించి ఆలోచించాలి. ముందే చేస్తే వృథా పనిని ఎనిమిది కోర్ల మీద పరిచినట్టే. జెస్ట్ ఒకసారి నడిచే మోడ్‌లో కోర్ల సంఖ్య కంటే ఒకటి తక్కువగా వర్కర్లని లేపుతుంది. కంటైనర్‌కి 2 కోర్ల లిమిట్ పెట్టినా, లోపల నోడ్‌కి (జావాస్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్‌కి) హోస్ట్‌లోని కోర్లన్నీ కనబడొచ్చు. అప్పుడు రెండు కోర్ల మీద డజన్ల కొద్దీ వర్కర్లు తోసుకుని, మెమరీ అయిపోయి, ఏ కారణం చెప్పకుండా వర్కర్ చచ్చిపోతుంది. సీఐలో వర్కర్ల సంఖ్యని అంకెగా ఇవ్వండి.

మారిన ఫైళ్లకు సంబంధించిన టెస్టులే నడిపే ఆప్షన్ లోకల్‌లో తప్పక వాడాలి, కానీ అది ఇంపోర్ట్ గ్రాఫ్‌ని మాత్రమే చూస్తుంది. ఎస్‌క్యూఎల్ మైగ్రేషన్, రన్‌టైమ్‌లో చదివే జేసన్, టెంప్లేట్ ఫైల్ మారితే దానికి తెలియదు. మెర్జ్‌కి ముందు ఫుల్ రన్ ఉండాల్సిందే.

కోడ్‌తో సంబంధం లేని కారణాలు కూడా ఉంటాయి. డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపల నడిచే లినక్స్‌లో) పనిచేస్తూ ప్రాజెక్ట్‌ని విండోస్ డ్రైవ్‌లో ఉంచితే ప్రతి ఫైల్ రీడూ రెండు ఫైల్ సిస్టమ్‌ల మధ్య దాటాలి. దాన్ని లినక్స్ హోమ్ డైరెక్టరీలోకి మార్చండి. మ్యాక్‌లో డాకర్ బైండ్ మౌంట్ (మ్యాక్ ఫోల్డర్‌ని కంటైనర్‌లో చూపించడం) వాడుతుంటే నోడ్ మాడ్యూల్స్‌ని నేమ్డ్ వాల్యూమ్‌లో పెట్టండి. లినక్స్‌లో ఫైల్ మార్పులు తెలిపే ఐనోటిఫై వాచ్‌ల లిమిట్ నిండిపోతే సేవ్ కొట్టినా వాచర్‌కి తెలియదు.

సీఐలో డిపెండెన్సీ క్యాష్ కీ లాక్ ఫైల్ (డిపెండెన్సీల కచ్చితమైన వెర్షన్లుండే ఫైల్) హ్యాష్ మీద ఉండాలి. ‘ఎన్‌పీఎం సీఐ’ నోడ్ మాడ్యూల్స్‌ని చెరిపేసి మొదటినుంచీ పెడుతుంది కాబట్టి, ఆ ఫోల్డర్‌ని కాకుండా ఎన్‌పీఎం డౌన్‌లోడ్ క్యాష్‌ని దాచండి. డాకర్‌ఫైల్‌లో ప్యాకేజ్ ఫైల్, లాక్ ఫైల్ ముందు కాపీ చేసి ఇన్‌స్టాల్ చేయించి, సోర్స్‌ని ఆ తర్వాతే కాపీ చేయండి. టెస్టుల్ని మెషిన్ల మధ్య పంచేటప్పుడు ఫైళ్ల సంఖ్యని బట్టి కాక, గత రన్‌లో పట్టిన టైమ్‌ని బట్టి పంచండి. 9 నిమిషాలు పట్టే ఒక్క టెస్ట్ ఫైల్ ఉంటే ఎన్ని మెషిన్లు పెట్టినా 9 నిమిషాలకు తగ్గదు, ముందు ఆ ఫైల్‌ని చీల్చండి.